ఆ ఇంట్లో ఉన్నది ఎవరు? స్వాధీనం, అనుభవం, ఆక్రమణలపై చట్టం ఏమంటుంది

నెల్లూరు వేదాయపాళెంలో ఒక రెండంతస్తుల ఇల్లు అమ్మకానికి వచ్చిందనుకుందాం. యజమాని బెంగళూరులో ఉంటాడు. కింద రోడ్డు వైపు గదిలో ఒకతను సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకుని నెలనెలా బాడుగ కడుతున్నాడు. పైన ఒక కుటుంబం 5 లక్షలు ఇచ్చి, నెలబాడుగ లేకుండా భోగ్యానికి దిగింది. షాపు వెనక గదికి తాళం వేసి ఉంది. లోపల యజమాని తండ్రి కాలం నాటి బీరువా, రెండు మంచాలు. పెరట్లో నాలుగు అంకణాల ఖాళీ ఉంది (నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు). అక్కడ పక్కింటివాళ్లు గేదెను కట్టేస్తున్నారు. క్రయ అగ్రిమెంటులో మాత్రం వీటన్నిటికీ కలిపి ఒకే వాక్యం: “సదరు ఆస్తి మా సంపూర్ణ స్వాధీనానుభవములో ఉన్నది.”

ఈ వాక్యం నిజమా, అబద్ధమా? అడిగేది ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కొనేవాడికి ఒక జవాబు, స్టాంపు డ్యూటీ లెక్కగట్టే సబ్ రిజిస్ట్రారుకు ఒకటి, బ్యాంకుకు ఒకటి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఇంకొకటి. ఇది లాయర్లు కావాలని పెట్టిన చిక్కు కాదు. ఒక్కో చట్టం ఒక్కో అవసరానికి పుట్టింది. ఆస్తిలో ఎవరున్నారన్న ప్రశ్నను తన అవసరం మేరకే అడుగుతుంది. స్వాధీనం అనే మాటకు అన్ని సందర్భాలకూ సరిపోయే ఒకే నిర్వచనం ఇవ్వడం సాధ్యం కాదని సుప్రీంకోర్టే 1979లో అనిల్ కుమార్ భుంజా కేసులో చెప్పింది. అందుకే కాగితం మీద ఆ మాట కనబడగానే ముందు అడగాల్సింది “ఏ చట్టం కింద, దేని కోసం?” అని. మన జిల్లాల్లో ఇళ్లు, పొలాలు, రొయ్యల గుంటల మీద నడిచే తగాదాల్లో చాలా వాటి మూలం ఈ ప్రశ్న అడగకపోవడంలోనే ఉంది.

ఉండటం వేరు, స్వాధీనం వేరు, హక్కు వేరు

ఈ మూడూ ఒకే మనిషి దగ్గర ఉంటే గొడవే లేదు. విడిపోయినప్పుడే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

ఇంటికి కాపలా ఉన్న వాచ్‌మన్‌ పదిహేనేళ్లుగా అక్కడే వండుకుని అక్కడే పడుకుంటున్నాడనుకోండి. అతను ఆ ఇంట్లో ఉన్నమాట నిజమే. స్వాధీనం మాత్రం యజమానిదే. వాచ్‌మన్‌, పనివాడు, దయతలచి ఉండమన్న బంధువు ఎన్నేళ్లు ఉన్నా ఆస్తి మీద సొంత హక్కు రాదని మరియా మార్గరీడా కేసులో సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. వాళ్లు యజమాని తరఫున ఉన్నట్టే లెక్క. బాడుగకున్నవాడి సంగతి వేరు. గడువు ఉన్నంతకాలం ఆ గది స్వాధీనం చట్టప్రకారం అతనిదే. యజమాని అయినా చెప్పాపెట్టకుండా లోపలికి దూరకూడదు. లాడ్జి గదిలో దిగినవాడికి, ఎగ్జిబిషన్‌లో స్టాలు తీసుకున్నవాడికి అంత హక్కు ఉండదు. వాళ్లది వాడుకోవడానికి అనుమతి మాత్రమే. పత్రానికి పైన ‘లీజు’ అని రాశారా, ‘లైసెన్సు’ అని రాశారా అన్నది కోర్టు పెద్దగా పట్టించుకోదు. ఆ చోటును ఇతరులెవరినీ రానివ్వకుండా వాడుకునే అధికారం నిజంగా ఇచ్చారా లేదా అని చూస్తుంది. దీనికి దారి చూపింది 1959 నాటి అసోసియేటెడ్ హోటల్స్ కేసు.

మరి ఎవరూ లేని ఖాళీ స్థలం? కంచె లేదు, గది లేదు, కంపచెట్లు పెరిగాయి. అలాంటి స్థలం హక్కు ఎవరిదో స్వాధీనం కూడా వాళ్లదేనని చట్టం ఊహిస్తుంది. వరంగల్ నుంచి వెళ్లిన అనతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. ఒంగోలు చుట్టుపక్కల లేఅవుట్లలో ప్లాటు కొని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. ప్లాటులో మీరు కాపురం లేకపోయినా, కాగితాలు సరిగ్గా ఉంటే అది మీ స్వాధీనంలో ఉన్నట్టే. అయితే ఎవరైనా వచ్చి షెడ్డు వేసి, కరెంటు మీటరు పెట్టించుకున్నాక ఆ ఊహ నిలవదు. అప్పుడు పక్కవాణ్ణి రాకుండా ఆపమని ఇంజంక్షన్ అడిగితే చాలదు, హక్కు తేల్చి స్వాధీనం ఇప్పించమని దావా వేయాలి. అందుకే దూరాన ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారైనా వచ్చి హద్దురాళ్లు చూసుకోవాలి.

కొనేవాడికి ఈసీ చాలదు

కొనేవాళ్లు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు చూస్తారు, లాయరు ఒపీనియన్ తీసుకుంటారు. ఇవన్నీ చేసి, ఇంటి దాకా వెళ్లి బయట నుంచి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. అసలు పొరపాటు అక్కడ జరుగుతుంది.

ఈసీలో రిజిస్టరైన పత్రాలే కనబడతాయి. మన వేదాయపాళెం ఇంట్లో పదకొండు నెలల అగ్రిమెంటుతో ఉన్న షాపు అందులో కనబడదు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న భోగ్యం కనబడదు. పెరట్లో గేదె అసలే కనబడదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మాత్రం మూడో సెక్షన్ వివరణలో ఒక గట్టి మాట అంటుంది: ఆస్తిలో వాస్తవంగా ఎవరు ఉన్నారో, వారికి ఏ హక్కు ఉంటే ఆ హక్కు సంగతి కొనేవాడికి తెలిసినట్టే. “నాకెవరూ చెప్పలేదు సార్” అంటే కుదరదు. వెళ్లి అడిగి తెలుసుకోవాల్సిన బాధ్యత కొనేవాడిదే.

కాబట్టి తలుపు తట్టి అడగండి. “మీరు బాడుగకున్నారా అన్నా, భోగ్యానికా? ఎప్పుడు దిగారు? అడ్వాన్సు ఎంతిచ్చారు? కాగితం ఏమన్నా ఉందా?” ఈ నాలుగు ప్రశ్నలకు దొరికే జవాబు ఏ ఈసీలోనూ ఉండదు. లోపలున్నవాళ్లు యజమాని చెప్పినదానికి వేరుగా చెబితే, బయానా ఇవ్వకముందే ఆగిపోవచ్చు.

ఇల్లు చేతులు మారినంత మాత్రాన బాడుగకున్నవాళ్లు లేచిపోనక్కర్లేదు. పాత యజమాని స్థానంలోకి కొత్త యజమాని వస్తాడు, అంతే. బాడుగ వసూలు చేసుకునే హక్కూ ఆయనకే, అడ్వాన్సు విషయంలో తలెత్తే జవాబుదారీ కూడా ఎక్కువసార్లు ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. కాకపోతే దాన్ని నెలనెలా సాగే బాడుగగానే చూస్తారు. అలాంటి ఇంటినో షాపునో ఖాళీ చేయించాలంటే, ఒప్పందంలో వేరుగా లేకపోతే, 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చినా లేవకపోతే దారి కోర్టే.

భోగ్యం గురించి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి. నెల్లూరులో, దక్షిణాన చిత్తూరు దాకా ఇది మామూలు ఏర్పాటు. ఇంటాయనకు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు, ఉన్నన్నాళ్లు బాడుగ కట్టరు, ఖాళీ చేసేరోజు ఆ మొత్తం వెనక్కి తీసుకుంటారు. అంటే ఇచ్చిన డబ్బుకు వడ్డీ బదులు ఇంటిని అనుభవిస్తున్నారు. చట్టం దృష్టిలో ఇది అనుభవపు తనఖా. వంద రూపాయలు, ఆ పైన దేనికైనా అలాంటి తనఖా పత్రం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. నిజంగా జరిగేది ఏమిటి? పైన ‘లీజు అగ్రిమెంటు’ అని టైపు చేయించి, స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టుకుని సరిపెడతారు. ఇంటాయన బాగున్నంతకాలం అంతా సవ్యంగానే నడుస్తుంది. ఆయన ఆ ఇంటిని అమ్మేస్తేనో, బ్యాంకు అప్పు కట్టక ఇల్లు వేలానికి వస్తేనో భోగ్యానికున్న కుటుంబం పరిస్థితి ఘోరం. “నేను నీ దగ్గర ఐదు లక్షలు తీసుకోలేదమ్మా, తీసుకున్నాయన్నే అడుక్కో” అంటాడు కొత్తాయన. రిజిస్టరు కాని పత్రంతో ఇంటి మీద తనఖా హక్కు పుట్టదు. డబ్బు కోసం పాత యజమాని వెంట పడటమే మిగులుతుంది. బిడ్డ పెళ్లికని దాచిన సొమ్మంతా భోగ్యంలో పెట్టినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మిగుల్చుకోవాలని చూడకండి. ఆ పత్రం ఈసీలో కనబడితే కొనేవాడూ ఆగుతాడు, బ్యాంకూ ఆగుతుంది. మీ డబ్బు తిరిగొచ్చేదాకా ఇంట్లో ఉండే హక్కు మీకుంటుంది. అయితే మీరు దిగేనాటికే ఆ ఇల్లు బ్యాంకు తనఖాలో ఉంటే ఆ రక్షణ దక్కకపోవచ్చు. అందుకని భోగ్యానికి దిగేవాళ్లు కూడా ముందుగా ఈసీ తీయించాలి, ఒరిజినల్ పత్రాలు ఎక్కడున్నాయో చూపించమనాలి.

ఒక్క వాక్యం పత్రం రాత మార్చేస్తుంది

అగ్రిమెంటు రాసేటప్పుడు లేఖరులు అలవాటుగా ఒక మాట పెట్టేస్తారు: “నేటి దినముననే మీకు స్వాధీనము చేసియున్నాము.” పాత క్రయదస్తావేజుల్లోంచి వచ్చిన మాట అది. క్రయదస్తావేజులో అది ఉండాల్సిందే. క్రయ అగ్రిమెంటులో ఉంటే మాత్రం పరిణామాలు వేరు.

మన రాష్ట్రంలో స్టాంపు చట్టం ప్రకారం స్వాధీనం ఇచ్చినట్టు తెలిపే క్రయ అగ్రిమెంటుకు క్రయదస్తావేజుతో సమానంగా డ్యూటీ పడుతుంది. వంద రూపాయల పేపరు మీద అలాంటి వాక్యం రాసుకుని, తర్వాత తగాదా వచ్చి ఆ అగ్రిమెంటును కోర్టులో పెడితే, ముందు తక్కువ పడిన డ్యూటీ, దాని మీద పది రెట్ల దాకా జరిమానా కట్టమంటారు. కట్టేదాకా ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోరు. “స్వాధీనం నిజంగా ఇవ్వలేదు, ఊరికే అలా రాశారు” అంటే వినరు. డ్యూటీ లెక్కకు పత్రంలో ఏముందో అదే ప్రమాణమని సుప్రీంకోర్టు 2013లో ఓంప్రకాశ్ కేసులో స్పష్టం చేసింది. అంటే ఇక్కడ ఇంట్లో నిజంగా ఎవరున్నారన్నది అప్రస్తుతం.

ఇదే వాక్యం ఇంకోచోట కొనేవాడికి కవచం కావచ్చు. అగ్రిమెంటు ప్రకారం స్వాధీనం పొంది, తన వంతు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్న కొనుగోలుదారును అమ్మినవాడు బయటకు పంపలేడని ఆస్తి బదిలీ చట్టం 53ఎ సెక్షన్ అంటుంది. కానీ 2001 సెప్టెంబరు 24 నుంచి ఆ రక్షణ కావాలంటే అగ్రిమెంటు రిజిస్టరై ఉండాలి. రిజిస్టరు కాని అగ్రిమెంటుతో ఇంట్లో దిగి, “నేను స్వాధీనంలో ఉన్నాను కదా” అని ధీమాగా ఉన్నవాళ్లకు ఈ సెక్షన్ అక్కరకు రాదు. రిజిస్టరైనా అది హక్కు ఇవ్వదు, తోసెయ్యకుండా ఆపుతుంది, అంతే.

రిజిస్ట్రేషనుకు ముందే రంగులు వేయించుకోవాలని తాళాలు అడిగేవాళ్లుంటారు. ఇస్తే తప్పులేదు. కానీ ఏ పనికి ఇచ్చారో, ఎన్నిరోజులకో, స్వాధీనం ఇంకా అమ్మేవాడి దగ్గరే ఉందని ఒక చిన్న కాగితం రాసుకోవాలి. అలా రాసుకున్నాక కొనేవాడు సామాను దించి పాలు పొంగించేస్తే, ఆ కాగితం విలువ సగం పోయినట్టే. ఒప్పందంలో రాసుకున్నదీ ఇంట్లో జరిగేదీ రెండూ ఒకటిగా ఉండాలి.

‘ఖాళీ స్వాధీనం’ అన్న మాట కూడా ఇలాంటిదే. మనుషులు లేకపోతే ఖాళీ అనుకుంటారు చాలామంది. తాళం వేసిన గదిలో బీరువా, మంచాలు ఉంటే, పెరట్లో పక్కింటి గేదె ఉంటే, కొన్నవాడు ఆ భాగాన్ని వాడుకోలేడు. అంటే ఆ మేరకు ఖాళీ స్వాధీనం ఇచ్చినట్టు కాదనే వాదనకు బలం ఉంటుంది. దీనికి మందు పెద్ద ఇంగ్లిష్ క్లాజులు కాదు. తెలుగులోనే గదిగదికీ రాయండి. కింద షాపులో ఎవరున్నారు, నెలకు బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, దాన్ని ఎవరు తిరిగివ్వాలి. పైన ఉన్నవారి భోగ్యం సొమ్ము ఏ తేదీకి ఎవరు చెల్లిస్తారు. గదిలో సామాను ఎప్పటికి తీస్తారు. పెరటి సంగతి ఎవరు తేలుస్తారు. కరెంటు బిల్లు, నీటి పన్ను, ఇంటి పన్ను ఏ తేదీ వరకు ఎవరివి. ఇవన్నీ అయ్యేదాకా ధరలో ఎంత భాగం ఆపి ఉంచుతారో అంకెల్లో, అక్షరాల్లో రాయాలి. నా అభిప్రాయంలో ఈ చివరిది లేని అగ్రిమెంటు మీద సంతకం పెట్టకూడదు. డబ్బంతా ముందే చేతిలో పడ్డ అమ్మకందారుకు గేదెను తోలించే తొందర ఏముంటుంది?

తాళం పగలగొట్టవచ్చా?

ఇల్లు నాది, పత్రాలు నావి, వాడు బాడుగ ఎగ్గొట్టాడు, నలుగుర్ని తీసుకెళ్లి సామాను బయటపడేస్తే ఏమవుతుంది? ఈ మాట కోపంలో అనని యజమాని ఉండడు. చట్టం దీనికి ఒప్పుకోదు. దొంగతనంగా కాకుండా, బాహాటంగా, కొంతకాలంగా స్థిరపడి ఉన్న స్వాధీనాన్ని, అది హక్కు లేనివాడిదైనా సరే, చట్టప్రకారమే తొలగించాలని రామే గౌడ కేసుతో సహా ఎన్నో తీర్పుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. రాత్రికి రాత్రి దూరినవాడికి మాత్రం ఈ రక్షణ ఉండదు.

బలవంతంగా వెళ్లగొట్టినవాళ్లకు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ ఉంది. వెళ్లగొట్టిన 6 నెలల్లోపు దావా వేస్తే, హక్కు ఎవరిదన్న గొడవలోకి పోకుండానే కోర్టు స్వాధీనం తిరిగి ఇప్పించగలదు. ప్రభుత్వం మీద ఈ సెక్షన్ పనిచేయదు. 6 నెలలు దాటితే హక్కునో, అంతకుముందున్న స్వాధీనాన్నో నిరూపించుకుంటూ మామూలు దావా నడపాలి. అందుకే సామాను బయటపడ్డ కుటుంబం మొదటి నెలంతా పెద్దమనుషుల పంచాయితీల్లో గడిపేస్తే నష్టపోతుంది. రాజీ ప్రయత్నం చేసుకోవచ్చు, కానీ ఆ గడువు మాత్రం క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.

స్వాధీనం గొడవ కొట్లాటకు దారితీసేలా ఉంటే, పోలీసుల రిపోర్టు మీద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారణ జరపవచ్చు. ఇంతకాలం సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 145గా తెలిసిన ఈ ఏర్పాటు 2024 జులై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 164గా మారింది. అక్కడ చూసేది ఒక్కటే: ఆ తేదీకి వాస్తవంగా ఎవరు ఆస్తిలో ఉన్నారు, అంతకు ముందు 2 నెలల్లో ఎవరినైనా బలవంతంగా తోసేశారా? ఆ ఉత్తర్వు పట్టుకుని “ఆస్తి నాదేనని తేలింది” అని ఊరంతా చెప్పుకునేవాళ్లను నమ్మొద్దు. హక్కు తేల్చేది సివిల్ కోర్టు.

పన్నెండేళ్ల భయం

“పన్నెండేళ్లు బాడుగకుంటే ఇల్లు వాడిదైపోతుందట.” ఈ భయంతో మంచి కుటుంబాలను కూడా ఏడాది తిరక్కుండానే ఖాళీ చేయిస్తున్నారు. ఇది తప్పు. లిమిటేషన్ చట్టంలో 12 ఏళ్ల గడువు నిజమే. కానీ ఆ గడువు మొదలవ్వాలంటే లోపలున్నవాడి స్వాధీనం యజమానికి వ్యతిరేకంగా, బహిరంగంగా, ఎడతెగకుండా ఉండాలి. బాడుగ కడుతూ ఉన్నవాడు ‘ఈ ఇల్లు మీది’ అని ఒప్పుకుంటూనే ఉన్నాడు. అనుమతితో ఉన్నవాడి లెక్కా అంతే. 1995లో దిగినా, 2025లో దిగినా తేడా లేదు.

అన్నదమ్ముల మధ్య కూడా ఇంతే. ఉమ్మడి పొలాన్ని ఊర్లో ఉన్న తమ్ముడు ఇరవై ఏళ్లుగా సాగు చేస్తే, మద్రాసులో ఉన్న అన్న వాటా దానంతటదే పోదు. వాటాదారుల్లో ఒకరి స్వాధీనం అందరి తరఫున ఉన్నట్టే. “నీకు వాటా లేదు” అని స్పష్టంగా, అవతలివాళ్లకు తెలిసేలా తెగ్గొట్టి చెప్పిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది.

నిజంగా వ్యతిరేక స్వాధీనం నిరూపితమైతే మాత్రం అది గట్టిది. 12 ఏళ్లు గడిచాక అసలు యజమాని హక్కే అంతరిస్తుంది. అలా ఉన్నవాడు తనను తోసేస్తే ఎదురు దావా కూడా వేయవచ్చని 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ భూమి మీద దావాకు గడువు 30 ఏళ్లు. పోరంబోకులో ఉన్నవాళ్లు తరచూ చూపించే కాగితం ఒకటుంది: శివాయిజమా (ప్రభుత్వ భూమిలో అనుమతి లేని అనుభవం) కింద తహసీల్దారు ఆఫీసు ఇచ్చే బి-మెమో. అది అనుమతి లేకుండా ఉన్నందుకు వేసిన జరిమానాకు గుర్తు. ఎన్ని బి-మెమోలు దాచుకున్నా అవి పట్టా కావు. అలాగని చెప్పాపెట్టకుండా పీకేసే అధికారం రెవెన్యూ వాళ్లకూ లేదు. 1905 నాటి భూఆక్రమణ చట్టం ప్రకారమే ముందు నోటీసు ఇచ్చి, జవాబు వినాలి.

డీకేటీ పట్టా భూములది మరో కథ. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమి అమ్మకాన్ని 1977 చట్టం చెల్లనిదిగా చేసింది. కాగితం రాయించుకుని, బోరు వేయించి, బత్తాయి తోట పెంచి స్వాధీనంలో ఉన్నా కొన్నవాడికి హక్కు రాదు. భూమిని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకు ఇవ్వవచ్చు. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన అసైన్డుదారులకే యాజమాన్యపు దారి తెరిచింది. అది భూమి పొందినవాళ్లకు, వాళ్ల వారసులకు ఇచ్చిన వెసులుబాటు.

పొలంలో అనుభవదారు

అడంగల్ (ఊరి పొలాల రెవెన్యూ రికార్డు) తీసి చూడండి. పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఇంకో గడి. పక్కనే అనుభవ స్వభావం. హక్కు, అనుభవం రెండూ వేరని పల్లెటూరి కాగితం ఎంత సూటిగా చెబుతోందో ఇక్కడ కనబడుతుంది. సాగు చేస్తున్నది కౌలుదారైనా అనుభవదారు గడిలో చాలాచోట్ల పట్టాదారు పేరే ఉంటుంది. కౌలుదారు పేరు ఎక్కితే పొలం పోతుందని యజమాని భయం. ఆ భయానికి ఆధారం లేదు. రెవెన్యూ రికార్డులో ఎంట్రీ హక్కును ఇవ్వదు, తీసేయదు అని కోర్టులు పదేపదే చెప్పాయి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు 11 నెలలే. దాంతో భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టమే అంటుంది. కార్డు ఉంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం సాగు చేసినవాడికి అందే వీలుంటుంది. యజమాని సంతకం కావాల్సి రావడమే దీనికి అడ్డం. కోవూరు, బుచ్చి వైపు వరి పొలాల్లో పెట్టుబడి పెట్టేది ఒకరు, తుపాను పరిహారం ఖాతాలో పడేది ఇంకొకరికి. ఇది అన్యాయమని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల లీజుల్లో ఇంకో సమస్య ఉంది. గుంట భూమి ఒకరిది. కట్టలు, ఎయిరేటర్లు, మోటార్లు, షెడ్డు, ట్రాన్స్‌ఫార్మరుకు కట్టిన డబ్బు లీజుదారుడివి. గడువు ముగిసిన రోజు గుంటలో ఇంకా పట్టుబడికి రాని పంట ఉంటే స్వాధీనం ఎలా అప్పగించాలి? ఎన్నిరోజులు ఆగాలి, ఆ రోజులకు లీజు ఎంత, యంత్రాలు ఎవరివి, గుంట ఎండగట్టి ఇవ్వాలా నీళ్లతో ఇవ్వాలా అన్నవి ముందే రాసుకోవాలి. నోటిమాట లీజుల్లో ఈ గొడవ పంట పట్టేరోజే బయటపడుతుంది, అప్పటికి రెండు వైపులా మనుషులు కట్ట మీద నిలబడి ఉంటారు.

ఆఫీసులు అడిగే స్వాధీనం

అపార్టుమెంట్లలో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అన్న మాట వింటుంటాం. అందులో ఎవరుంటున్నారన్నది ప్రశ్నే కాదు, ఉండటానికి భవనం పనికొస్తుందా అన్నది ప్రశ్న. అనుమతించిన ప్లానుకు తగ్గట్టు కట్టారని, నీళ్లు, డ్రైనేజీ, కరెంటు ఉన్నాయని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం అది. బిల్డరు తాళాలు ఇచ్చి గృహప్రవేశం చేయించినా, ఆ సర్టిఫికెట్ లేకపోతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) లెక్కలో స్వాధీనం సరిగ్గా ఇచ్చినట్టు కాదు. ఆ సర్టిఫికెట్ వచ్చాక 2 నెలల్లో స్వాధీనం తీసుకోవాల్సిన బాధ్యత కొన్నవాడిది. సర్టిఫికెట్ చూపించాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించేలా ఆదేశించింది.

ఆదాయపు పన్నులో యజమాని తనకోసం ఉంచుకున్న రెండిళ్ల దాకా అద్దె ఆదాయం సున్నాగా చూపించవచ్చు, వాటికి తాళం వేసి ఉన్నా సరే. మూడో ఇల్లు ఖాళీగా ఉన్నా అద్దె వస్తున్నట్టు లెక్కగడతారు. ఇన్సూరెన్సులో దీనికి తలకిందులు: మామూలు అగ్నిప్రమాద పాలసీల్లో, కంపెనీ ఒప్పుకోకుండా భవనం 30 రోజులకు మించి ఎవరూ లేకుండా ఉంటే రక్షణ ఆగిపోతుందని షరతు పెడుతూ వచ్చారు. పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్లే పెద్దవాళ్లు పాలసీ తీసి ఆ షరతు చదువుకుని, కంపెనీకి ముందే రాసి పంపాలి.

పేపర్లో బ్యాంకులు వేసే ‘స్వాధీన ప్రకటన’ చూసి ఆ ఇల్లు బ్యాంకు చేతిలో ఉందనుకోవద్దు. సర్ఫేసీ చట్టం (బ్యాంకులు తనఖా ఆస్తి మీద బాకీ రాబట్టుకునే చట్టం) కింద తలుపుకు నోటీసు అతికించి, పత్రికల్లో ప్రకటిస్తే లాంఛనంగా స్వాధీనం తీసుకున్నట్టు. లోపల కుటుంబం అలాగే ఉండవచ్చు. వాళ్లు లేవకపోతే, వాస్తవంగా ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటు (అంటే కలెక్టరు) సాయమో, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సాయమో కోరాలి. వేలం నోటీసులో ‘ఉన్నది ఉన్నట్లుగా’ అని ఉండి, స్వాధీనం లాంఛనమా వాస్తవమా అన్నచోట ‘సింబాలిక్’ అని ఉంటే, తక్కువ ధరకు వస్తోందని సంబరపడి డిపాజిట్ కట్టేముందు ఆ ఇంటి దాకా వెళ్లి రావాలి.

భూసేకరణలో పంచనామా

కృష్ణపట్నం, రామాయపట్నం రేవులు, వెలిగొండ ముంపు గ్రామాలు చూసిన మనకు ఈ భాగం పుస్తకాల్లోది కాదు. భూసేకరణలో ప్రభుత్వం స్వాధీనం తీసుకుందా లేదా అన్నదానికి పొలంలో కంచె వేశారా అని చూడరు. అధికారులు పంచనామా రాసి స్వాధీన మెమో తయారుచేస్తే చాలని, ఆ తర్వాత కూడా పొలంలో ఉండి దున్నుకుంటున్నవాళ్లు అతిక్రమించినవాళ్ల కిందికే వస్తారని 2020 మార్చి 6న ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి చెప్పింది. “ఇప్పటికీ నేనే దున్నుతున్నా, భూమి నా దగ్గరే ఉంది” అన్న ధీమా అక్కడ చెల్లదు. పంచనామా రాశారా, ఏ తేదీన, ఎవరి సంతకాలతో అన్నది సమాచార హక్కు కింద అడిగి నకలు తీసుకోవాలి.

2013 భూసేకరణ చట్టం కింద ఇప్పుడు జరిగే సేకరణలో, అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) తేదీ నుంచి 3 నెలల్లో పూర్తి పరిహారం, 6 నెలల్లో పునరావాసపు డబ్బు చెల్లించాకే స్వాధీనం తీసుకోవాలి. అదే చట్టం బాధిత కుటుంబం అన్నప్పుడు పట్టాదారులతో ఆగలేదు. సేకరణకు ముందు 3 ఏళ్లుగా ఆ భూముల మీద ఆధారపడి బతికిన కౌలుదార్లను, పాలికి చేసేవాళ్లను, వ్యవసాయ కూలీలను, చేతివృత్తులవాళ్లను కూడా చేర్చింది. భూమి ధర వాళ్లకు రాదు, పునరావాసంలో వాటా ఉంది. సర్వే చేసేవాళ్లు ఊరికి వచ్చినప్పుడు ఆ మూడేళ్ల అనుభవానికి రుజువు చూపించాల్సింది వాళ్లే. కాబట్టి సాగుదారు కార్డు, ఎరువుల బిల్లులు, కొనుగోలు కేంద్రంలో ధాన్యం తోలిన రసీదులు, కౌలు డబ్బు ఫోన్‌పేలో పంపిన వివరాలు, ఉపాధి హామీ జాబ్‌కార్డు, ఆ ఊరి చిరునామాతో ఉన్న రేషన్ కార్డు ఒక సంచిలో వేసి ఉంచుకోవాలి. గ్రామసభలో పేర్ల జాబితా చదివే రోజు తప్పకుండా హాజరై, పేరు లేకపోతే అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి.